నలభయ్యో విలుకాడు

కుడిచెయ్యి వణుకుతోందని డ్రాయింగు మాస్టారు భార్యకు కూడా చెప్పలేదు. బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధం కోసం బొటనవేలంత విలుకాళ్ళు నలభైమందికి రంగులేస్తున్నారు. పాతకాలపు కవచాలు, బూట్లు, అంబులపొదులు అన్నీ అయ్యాయి. కళ్ళు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తున్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఒక్కరే. కుంచె కడిగే గ్లాసులో నీళ్ళు మార్చుకొచ్చేసరికి ముప్పైతొమ్మిదిమందికి కళ్ళున్నాయి. సూదిమొనంత చుక్కలు. ఒక్కటీ చెదరలేదు.

ఆదివారం ఆటలో ఎదుటి సైన్యం బావమరిదిది. ఈ ఇంటి తాళంచెవి ఒకటి వాడి దగ్గరుంది. ఒళ్ళు మండి ఫోన్ చేశారు.

"ఏరా, నా సైన్యాన్ని ముట్టుకున్నావా?"

"నేను డ్యూటీలో ఉన్నాను బావా! నా గుర్రాలకే తోకలు వెయ్యలేక చస్తుంటే, నీ సైన్యం నాకెందుకు?"

వాడి వెనక మిషన్ల రొద వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేశాక ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు.

మాస్టారు ఓ కంటిని వేలితో తాకారు. నల్లరంగు అంటుకుంది. అది అయిదు నిమిషాల్లో ఆరిపోయే రంగు.

వెళ్ళి తలుపు చూశారు. లోపలి గడియ వేసే ఉంది.

"నా సైన్యానికి కళ్ళు నేనే పెట్టుకుంటాను," అన్నారు పైకే, మొండిగా. నలభయ్యోవాణ్ణి ఎడమచేత్తో పట్టుకుని, కుంచె వాడి మొహం దాకా తెచ్చారు.

చెయ్యి వణకలేదు. మణికట్టు దగ్గర మాత్రం కాస్త చల్లగా ఉంది, ఎవరో మెత్తగా పట్టుకున్నట్టు.