తొమ్మిదో నంబరు

డానియేలు తన్నిన బంతి గోల్‌పోస్టు పైనుంచి, గోడ పైనుంచి వెళ్ళి మూసీలో పడింది.

ఎదురుగా ఎవరూ లేరు. అవతలి జట్టు కీపర్ జారిపడి అల్లంత దూరంలో ఉన్నాడు. కళ్ళు మూసుకుని తన్నినా గోలు పడాలి. గోడ మీద కూర్చున్న జనం ఈలలు వేశారు.

"స్టారన్నా, బంతి ఒక్కటే ఎందుకు, నువ్వు గూడ దుంకు" అని ఒకడు సలహా ఇచ్చాడు.

కోచ్ భిక్షపతి నెత్తి పట్టుకున్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఎన్నో డొక్కు బస్సులను లేపి రోడ్డెక్కించాడు. ఈ బండి మాత్రం స్టార్టు కావడం లేదు.

డానియేలును తెచ్చింది రామలింగం సేటు. అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల వ్యాపారి, పురానాపూల్ బ్రదర్స్ జట్టుకు పోషకుడు. ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందని తప్ప ఆయనకు ఆ ఆట గురించి ఇంకేమీ తెలియదు. ఎవరిదో పెళ్ళికని కోల్‌కతా వెళ్ళి, వస్తూ వస్తూ ఒక ఆటగాణ్ణి, వెలిసిపోయిన ఒక పేపరు ఫోటోను వెంట తెచ్చాడు. ఫోటోలో డానియేలును జట్టంతా భుజాల మీద మోస్తోంది. చేతిలో కప్పు.

"కలకత్తోళ్ళను ఫైనల్ల ఒంటిచేత్తోని గెలిపిచ్చిండట. మన కాజీపేట మనిషే" అన్నాడు సేటు, కొత్త గంగాళం చూపించినంత గర్వంగా.

కోల్‌కతా ఆటలు పురానాపూల్‌లో ఎవరూ చూడలేదు. ఫోటో చూశారు, చాలింది. డానియేలు నలభైకి దగ్గరపడ్డవాడు. ఆరడుగుల పైన ఎత్తు, తలుపంత ఛాతీ. అంతటి మనిషిని పట్టుకుని ప్రశ్నలు అడగడం మర్యాద కాదనుకుని, భిక్షపతి తొమ్మిదో నంబరు జెర్సీ చేతిలో పెట్టాడు. గోల్స్ కొట్టేవాడి నంబరు అది. డానియేలు దాన్ని రెండు చేతులతో తడిమి చూసుకున్నాడు.

"నన్ను ముందల ఆడిపిస్తరా అన్నా?"

"మరి మిమ్ముల ఎనక నిలవెడ్తమా?" అన్నాడు భిక్షపతి. స్టారే అయినా ఎంత వినయమో అని మురిసిపోయాడు.

ఆ మురిపెం మొదటి మ్యాచ్‌తోనే ఆవిరైపోయింది. డానియేలు పరిగెత్తితే బీరువాను జరిపినట్టుంటుంది. బంతి వస్తుంటే దాన్నే చూస్తూ నిలబడతాడు. తంతే మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది, పక్కవాడికి మాత్రం చేరదు. సొంత జట్టు మీద గోలు పడిందంటే అందరికంటే ముందు వెళ్ళి కీపర్ ఎల్లప్ప భుజం తట్టి వస్తాడు. జనం ఆయనకు చార్మినార్ అని పేరు పెట్టారు. ఎత్తుగా ఉంటుంది, కదలదు.

"గా మనిషిని పంపియ్యరాదు? బజార్ల తలెత్తుకోనిస్తలేరు" అంది భిక్షపతి భార్య మాణిక్యమ్మ.

"ఎట్ల పంపాలె? ప్రాక్టీసుకు అందరికంటె ముందొస్తడు. ఒక్క గోలు పడితె తొవ్వకొస్తడు."

నిజానికి భిక్షపతి ఒకటి చూశాడు, ఎవరికీ చెప్పలేదు. అందరూ వెళ్ళిపోయాక డానియేలు ఖాళీ గోలులోకి బంతి తన్ని, రెండు చేతులూ చాచి, ఎవరో చప్పట్లు కొడుతున్నట్టు మైదానమంతా తిరిగేవాడు. పాత రోజులు గుర్తుకొస్తున్నాయి కాబోలు అనుకుని భిక్షపతి ముఖం తిప్పుకునేవాడు.

డానియేలు ఉన్నా కూడా జట్టు ఎలాగో ఫైనల్‌కు వచ్చింది. పోటీ నయాపూల్ వాళ్ళతో.

"కప్పు రాకుంటె టీం బంద్ భిక్షపతీ. నేను క్రికెట్ టీం పెట్టుకుంట" అని తేల్చేశాడు సేటు.

ఆట అయిపోవచ్చింది. ఇరువైపులా గోలు లేదు. నయాపూల్ వాళ్ళకు కార్నర్ దొరికింది. డానియేలుతో సహా అందరూ ఎల్లప్ప ముందు గుమిగూడారు. బంతి వంకర తిరుగుతూ వచ్చింది. నయాపూల్ కుర్రాడొకడు ఎగిరి తలతో కొట్టాడు. ఎల్లప్ప ఒకవైపు పడ్డాడు, బంతి రెండోవైపు పై మూలకు పోతోంది.

అప్పుడు చార్మినార్ కదిలింది.

డానియేలు గాలిలోకి లేచి, అడ్డంగా సాగి, బంతిని రెండు చేతులతో ఒడిసిపట్టి, గుండెకు హత్తుకుని నేల మీద పడ్డాడు. ఎంత అందంగా పట్టాడంటే, రెఫరీ కూడా కాసేపు ఈల ఊదడం మరిచిపోయాడు.

తర్వాత ఊదాడు. ఎర్రకార్డు. పెనాల్టీ. గోలు. కప్పు నయాపూల్‌కు పోయింది. రామలింగం సేటు కారెక్కి వెళ్ళిపోయాడు. గోడ మీది నుంచి చెప్పులు పడ్డాయి.

భిక్షపతి టెంటులోకి వెళ్ళేసరికి డానియేలు ఒక్కడే కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నిజం జెప్పు. నయాపూలోళ్ళకు అమ్ముడువోయినవా?"

డానియేలు తల అడ్డంగా ఊపాడు.

"మరేందిది? నీ కోసం ఇంట్ల తిట్లు తిన్న, బయట తిట్లు తిన్న. చేతులెందుకు వెట్టినవ్?"

"నేను వెట్టలే. అవే లేచినయ్."

"ఇన్నేండ్లు ఆడినోనివి, గట్లెట్ల లేస్తయ్?"

డానియేలు తలెత్తాడు.

"జిందగీల ఒక్క గోలన్న కొట్టి ఆట ఇడిసిపెడదామని మీకు చెప్పలే గని అన్నా, కలకత్తల నేను గోల్‌కీపర్‌ని."