దూరపు గొంతు

“తల్లి ఊరి నుంచి మాట్లాడుతోందా, పక్క గదిలోంచా?” అన్నాడు దర్శకుడు వేదిక మీది నుంచి.

సౌండు మాస్టారు తల దించుకున్నాడు. కొడుక్కి తల్లి చేసే ఆఖరి ఫోను ఆ నాటకానికి ప్రాణం. ఖరీదైన మైకులో అది మరీ దగ్గరగా పలుకుతోంది.

“సాయంత్రానికి కుదరకపోతే ఆ రంగం తీసేస్తాను. నిన్ను కూడా.”

సామాన్ల గదిలోని పాత నల్ల టెలిఫోను తెచ్చి, దాని తీగలు సౌండు మిక్సరుకు కలిపాడు మాస్టారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“కడుపు మాడ్చి పలకమంటే ఎలా పలుకుతుంది, నాయనా?”

ముందు వరుసలో, ఆటకు చాలా ముందే వచ్చి కూర్చున్న వృద్ధురాలు.

“పెద్దమ్మా, ఇది రిహార్సలు. బయట కూర్చోండి.”

ఆమె లేచింది. బయటికి కాదు, అతని బల్ల దగ్గరికి వచ్చింది. రిసీవరులో మాట్లాడే వైపు మూత విప్పి, లోపలి గుండ్రటి బిళ్ళను అరచేతిలో మెల్లగా తట్టింది.

“ఇందులో బొగ్గు నలుసులు గడ్డకట్టాయి. వీటికి కాస్త కరెంటు అందాలి. బ్యాటరీ ఉందా? ఆ కరెంటు నీ మిక్సరులోకి పోకుండా మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టు.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“టెలిఫోను ఆఫీసులో పనిచేశాలే.”

మాస్టారు అలాగే అమర్చాడు. పరీక్షకు ఆమే రిసీవరు ఎత్తి, “ఒకటి, రెండు, మూడు” అంది.

దర్శకుడు వేదిక అంచుదాకా వచ్చాడు. కొండలూ కాలాలూ దాటివచ్చిన అశరీరవాణిలా ఉందా స్వరం.

“ఆ తల్లి మాటలు నేను చెప్పనా?” అంది ఆమె, కాస్త సిగ్గుపడుతూ.

“మీవల్ల కాదు పెద్దమ్మా. గొంతుకు సాధన ఉండాలి” అన్నాడు మాస్టారు.

ఆమె నవ్వింది.

“సరే. మళ్ళీ మొరాయిస్తే చెప్పు” అని నంబరు రాసిచ్చి వెళ్ళిపోయింది.

రంగం నిలిచింది. మాస్టారూ నిలిచాడు.

ఏడాది తిరిగేసరికి తల్లి వేషం వేసే నటి మానేసింది. ఎందరు వచ్చి పలికినా ఆ దూరం పలకలేదు. ఇక ఆట ఆపేద్దామన్నాడు దర్శకుడు.

“ఒక్కరోజు ఆగండి. కాళ్ళు పట్టుకునైనా పెద్దమ్మను తీసుకొస్తాను” అన్నాడు మాస్టారు.

నంబరు కలిపాడు.

“మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు. దయచేసి సరిచూసుకోండి.”

సరిచూసుకున్నాడు. ఒక్క అంకె తప్పు లేదు. మళ్ళీ కలిపి, చెవికి ఆనించి విన్నాడు.

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ప్రతి ఫోనులోనూ తాను విసుక్కుంటూ వింటున్న ఆ ప్రకటన, వయసులో ఉన్నప్పటి పెద్దమ్మ గొంతు.