నార్మన్ లైన్‌లో ఉన్నాడు

"నార్మన్! పైకి రావయ్యా! పడిపోయాను!"

బెరిల్ మూడోసారి అరిచింది. కింద వంటింట్లో మొగుడు దగ్గిన చప్పుడు వినిపించింది గాని, మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించలేదు.

వేడినీళ్ల కుళాయి తిప్పి తొట్టిలోకి దిగింది. చన్నీళ్లది తిప్పబోతూ కాలు జారింది. తుంటి దగ్గర ఏదో పుటుక్కుమంది. అంతే, నడుం కింది ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. రెండు కుళాయిలూ కాళ్ల వైపే ఉన్నాయి, తొట్టి బిరడా కూడా అటే ఉంది. ఎంత చాచినా చెయ్యి అందడం లేదు. వేడినీళ్లు మాత్రం పొగలు కక్కుతూ పడుతూనే ఉన్నాయి. ఆ బాయిలర్ వేడి తగ్గించవయ్యా అని నెల రోజులుగా మొత్తుకుంటోంది. విన్నవాడెవడు?

"నార్మన్! నిన్నేనయ్యా!"

నార్మన్ గొంతు వినిపించింది. కిందనుంచి కాదు, కిటికీ గట్టు మీది చిన్న రేడియోలోంచి.

"హలో... నేనేనా? లైన్‌లోకి వచ్చేశానా?"

"వచ్చేశారు నార్మన్ గారూ! డాన్‌కాస్టర్ నుంచి నార్మన్ గారు మనతో ఉన్నారు. చెప్పండి సార్, ఈ దేశానికి ఏమైంది?"

శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే ఆ కార్యక్రమంలోకి ఎలాగైనా వెళ్లాలని నార్మన్ ఏడాదిగా రోజూ పొద్దున్నే ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటున్నాడు. ఇవాళ లైన్ దొరికింది. ఇక ఇల్లు తగలబడినా ఆ ఫోన్ కింద పెట్టడు.

"మనిషికి మనిషి అక్కర్లేకుండా పోయాడు బాబూ," అంటున్నాడు నార్మన్. "మొన్న మార్కెట్ దగ్గర ఒక ముసలాయన తూలి పడ్డాడు. కుర్రకారు ఏం చేశారో తెలుసా? ఫోన్లు తీసి వీడియోలు! మా రోజుల్లో ఎవరైనా 'అమ్మా' అంటే చాలు, వీధి వీధంతా పరుగెత్తుకొచ్చేది."

"నిజం సార్. మరి ఆయన్ని మీరు లేపారా?"

"నాకు బస్సొచ్చేసింది."

నీళ్లు నడుము దాటాయి. కాళ్లు ఎర్రగా కమిలిపోతున్నాయి. బెరిల్ తొట్టి అంచు పట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుంది.

"నార్మన్! కాలిపోతున్నాను! అమ్మా!"

కింద కుర్చీ కిర్రుమంది. అడుగులు పడ్డాయి. వస్తున్నాడు! ఎంత మొండివాడైనా నలభై ఆరేళ్లు కాపురం చేసినవాడు, రాకుండా ఎలా ఉంటాడు? అడుగులు మెట్ల దాకా వచ్చాయి.

వంటింటి తలుపు ధడేలున మూసుకుంది.

బెరిల్‌కు అర్థం కాలేదు. ఎవరైనా బూతు మాట అంటే కత్తిరించడానికని ఆ రేడియోలో మాటలు అర నిమిషం ఆలస్యంగా వస్తాయి. ఇప్పుడు అందులోంచి ఆమె అరుపే ఆమెకు వినిపించింది, నూతిలోంచి వచ్చినట్టు. వెనకే ఆ రేడియో అబ్బాయి గొంతు.

"ఏదో గోలగా ఉంది నార్మన్ గారూ. మాట్లాడేటప్పుడు మీ రేడియో కట్టేయమని చెప్పారు కదా?"

"వంటింట్లోది కట్టేశాను బాబూ. ఆ గోల పైన మా ఆవిడ రేడియోది. సగం ఆవిడది కూడాలే! స్నానానికి వెళ్తే చాలు, తువ్వాలు తే, టీ తే అని ఒకటే పిలుపు."

అబ్బాయి పగలబడి నవ్వాడు. "తలుపు కాస్త వేసుకోండి సార్. మీ మాట ఒక్కటి కూడా పోకూడదు."

"వేసేస్తా ఉండండి."

రేడియోలో తలుపు ఇంకోసారి ధడేలుమంది.

బెరిల్ షాంపూ సీసా తీసుకుని పక్కింటి గోడ మీద దబదబ బాదింది. గోడ అవతల కూడా నార్మనే మాట్లాడుతున్నాడు. అవతలివాళ్లు ఆ శబ్దానికి విసుక్కుని రేడియో గొంతు ఇంకాస్త పెంచారు. సీసా చేతిలోంచి జారి నీళ్లలో పడింది. దాన్ని తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేకపోతోంది, మనిషేమో అందులోనే కూర్చుని ఉంది. ఇక అరవడానికి కూడా గొంతు రావడం లేదు.

"ఫోన్ పెట్టకండి నార్మన్ గారూ!" అన్నాడు రేడియో అబ్బాయి, ఉత్సాహంగా. "మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయి. ఇంతమంది ఒకే సంగతి గురించి రాయడం నేనింతవరకూ చూడలేదు. అందరూ మీ వెనక అరిచారే, ఆవిడ గురించే రాస్తున్నారు."

బెరిల్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. విన్నారు! ఊరు ఊరంతా విన్నది! నార్మన్ చెప్పిందంతా ఉత్త వాగుడు. ఈ దేశంలో ఇంకా మనుషులున్నారు, వాళ్లకు చెవులున్నాయి. ఎవరో ఒకరు ఈపాటికి బయల్దేరే ఉంటారు. ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకుంటే చాలు. పళ్ల బిగువున బాధ నొక్కిపట్టి, తల రేడియో వైపు తిప్పింది.

"అందరిదీ ఒకటే మాట కాబట్టి రోదరమ్ నుంచి పాలీన్ గారిది ఒక్కటీ చదువుతాను. 'ఆవిడ అరుపులు మేమూ విన్నాం. మొగుణ్ణి రేడియోలో కూడా రెండు ముక్కలు ప్రశాంతంగా మాట్లాడుకోనివ్వని పెళ్లాలు దాపురించాక ఈ దేశం పాడైపోక ఏమవుతుంది? ఆయన్ని ఆ తలుపు తియ్యొద్దనండి, ఇంకో గంటసేపు మాట్లాడించండి!'"