రంగు వెలిసిన పడవ

నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకోండి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

"అమ్మా, నీ పడవ సీరియల్ ఈ రోజుతో సరి. రేపటి నుంచి ఉండదట," అంది కూతురు, రిమోట్ చేతిలో పట్టుకుని.

ఆవిడ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చింది. మన టీవీలో ఉన్నది ఎక్కడికి పోతుందని అడిగింది. పెట్టేదీ వాళ్ళే, తీసేసేదీ వాళ్ళే, మనది చూడ్డం వరకేనని కూతురు చెప్పింది. తెర మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. చూడటానికి ఈ రోజే ఆఖరు. ఆవిడ కూడబలుక్కుని చదివింది.

మిగిలింది ఒక్క భాగమే. ఇంటాయన పోయినప్పటి నుంచీ దాన్ని ముట్టుకోలేదు. సొంతంగా చదువుకుంటూ చూడాలని పంతం పట్టింది. కాస్త వేగం రానీ, ఇంకాస్త రానీ అంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

అది ఏ దేశం సీరియలో ఏమో. మాట ఒక్క ముక్క అర్థం కాదు. కింద మాత్రం తెలుగు అక్షరాలు పడతాయి. వాటిని ఆయనే పైకి చదివి వినిపించేవాడు. ఊళ్ళో సగం కొట్ల మీద పేర్లు ఆయన చేత్తో రాసినవే. బోర్డులు రాసే పెయింటరుకి టీవీలో అక్షరాలు ఒక లెక్కా? కథంతా ఓ మొగుడూ పెళ్ళాం, వాళ్ళ పడవ. దానికి నీలం రంగు వెయ్యాలని ఆమె, ఆకుపచ్చ వెయ్యాలని అతను, పొద్దస్తమానం కీచులాట. ఆమె ఏడిస్తే, పడవ రంగు వెలిసిపోయిందని ఏడుస్తోందని ఆయన చదివి చెప్పేవాడు. వింటూ ఈవిడా కళ్ళొత్తుకునేది.

వీధి చివర పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారు, వెళతానంటే మాత్రం ససేమిరా అన్నాడు. నేను లేనూ చదవడానికి, నీకెందుకే ఆ తిప్పలు అనేవాడు. మళ్ళీ అడిగితే ముఖం గంటు పెట్టుకుని టీవీ పెట్టేసేవాడు. పెళ్ళానికి చదువొస్తే ఎక్కడ నెత్తినెక్కుతుందోనని ఆయన భయం, అనుకుని ఆవిడ లోపల్లోపల రగిలేది. ఆయన మంచాన పడ్డాక కూడా ఆ కోపం చల్లారలేదు. ఆ చివరి భాగం చూసేద్దామా అని ఓ రోజు ఆయన సన్నగా అడిగితే, "నేనే నేర్చుకుని చదువుకుంటాలే," అని మొహం తిప్పుకుంది. ఆయన ఇంక అడగలేదు.

"నేను చదివి పెట్టనా? డ్యూటీకి ఇంకా టైముంది," అంది కూతురు. ఆసుపత్రిలో నర్సు ఆమె. షిఫ్టుల గొడవలో ఆ సీరియల్ ఏనాడూ కూర్చుని చూసింది కాదు.

"వద్దు. నేను చెప్పినప్పుడల్లా ఆపు, చాలు."

బొమ్మ కదిలింది. అక్షరాలు పడగానే కూతురు ఆపింది. ఆవిడ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుంది.

"అ... న్న... య్యా."

వేలు అక్కడే నిలిచిపోయింది. పిలిచింది పడవ పెళ్ళాం. పిలిచింది మొగుణ్ణి. తన చదువులోనే ఏదో తేడా ఉందనుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. కూతురి వైపు చూసింది.

"సరిగ్గానే చదివావమ్మా. అన్నయ్యే."

పాత భాగాలు వెనక్కి తిప్పించింది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చిన చోట 'నాన్న కట్టిన ఇల్లు అమ్మొద్దు' అని ఉంది. రంగు ఊసే లేదు. ఇంకోటి పెట్టించింది. అందులోనూ లేదు. మొదటి నుంచీ అది అన్నాచెల్లెళ్ళ తగువు. పడవ పాపం వాళ్ళ వెనకాల ఉత్తినే నీళ్ళలో ఊగుతోంది.

కూతురు పగలబడి నవ్వింది. నాన్న భలేవాడంది. తాళాల కొట్టు బోర్డు గుర్తుందా, ఇదీ అలాంటి వేళాకోళమేనంది.

ఎందుకు గుర్తు లేదు? నోటిమాట మీద ఆయన బోర్డు రాసేవాడు కాడు. 'టీ' అన్న ఒక్క ముక్కయినా సరే, కాగితం మీద పెద్దగా రాసిస్తేనే కుంచె ముట్టేవాడు. తాళాల కొట్టాయన కొట్టు పేరు రాసి, దాని కిందే 'శుక్రవారానికల్లా కావాలి' అని కూడా రాసిచ్చాడు. ఈయన ఆ రెండో వరుసకి కూడా ఎర్రటి నీడలు దిద్ది మరీ బోర్డు మీదికి ఎక్కించాడు. తొందరపెట్టినవాడికి బాగా బుద్ధి చెప్పాడని వీధి వీధంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టలేదు.

ఆవిడ నవ్వలేదు. తెర మీద కదలకుండా నిలబడ్డ పడవకేసి చూస్తూ ఉండిపోయింది. దాని రంగు నిజంగానే వెలిసిపోయి ఉంది.

"అది సరే గానీ అమ్మా, ఉన్నది ఉన్నట్టు చదవకుండా నాన్న ఎందుకలా మార్చి చెప్పాడు?"

ఆవిడ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మార్చి చెప్పడానికి, అసలు చదవడం వస్తే కదే ఆయనకి."

— బోర్డుల పెయింటరు గారి భార్య, అరవై ఆరేళ్ళు, ప్రస్తుతం కూతురి దగ్గర.