కసాపురం దారం

వీరేష్ చెక్క చిత్రిక పట్టే రందా మిషనుకు టెంకాయ కొట్టేసరికి ఒక ముసలామె కొట్టు గడప మీద కూర్చుని ఉంది.

బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. ముసుగంతా దుమ్ము. ఒళ్లో గుడ్డ సంచి.

రందా పొట్టుకు వచ్చిందనుకున్నాడు వీరేష్. పొయ్యిలోకి పొట్టు అడిగేవాళ్లు కుందుర్పిలో ఏ వడ్రంగి కొట్టుకూ కొత్త కాదు.

"పొట్టు ఇంకా పడలేదమ్మా. మాపటికి రా."

"పొట్టుకు కాదప్పా. ఊరికే చూస్తాండా."

చూడనీలే అనుకున్నాడు. చూడదగ్గ మిషనే మరి! ఇన్నేళ్లు చేత్తో రందా పట్టి భుజాలు అరగదీసుకున్నవాడికి పాతదైనా మిషను మిషనే. అనంతపురంలో పాత సామాను అమ్మే ఓబుళేసు దగ్గర కొన్నాడు. తెచ్చిన నాటి నుంచి కొత్త కోడలికి చేసినట్టు దానికి మర్యాదలు చేశాడు. తుప్పు గీకాడు. బ్లేళ్లు సాన పట్టించాడు. వెనక బల్ల మీద ఇనుప స్కేలు ఆనించి, బ్లేళ్ల అంచులు దానితో సమానంగా వచ్చేదాకా విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు.

బ్లేళ్ల మీదికి చెయ్యి పోకుండా గార్డు కూడా బిగించాడు. అడ్డమని గార్డు పీకి పారేసే రకం కాదు వీరేష్. చెయ్యి ఉంటేనే కూడు అని తెలిసినవాడు.

భార్య శశి మిషనుకు కుంకుమ బొట్లు పెట్టింది. మొగుడి కుడి మణికట్టుకు కసాపురం ఆంజనేయస్వామి గుడిలో ఇచ్చిన ఎర్రదారం కట్టింది. స్వామి దారం తుంచకూడదని కొసలు అలాగే వదిలేసింది. అవి జానెడు పొడుగున వేలాడుతున్నాయి.

"ఇంక నీకు ఏ గండమూ రాదు," అంది మురిపెంగా.

వీరేష్ స్విచ్ వేశాడు. మిషను కూత పెట్టింది. వేప పలక బల్ల మీద పెట్టి, అరచెయ్యి పైన ఆనించి, ముందుకు తోయబోయాడు.

కూత దిగిపోయింది.

తిరిగి చూస్తే ముసలామె స్విచ్ బోర్డు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఆ వయసులో అంత చురుకు ఎక్కడిదో! మిషను పూర్తిగా ఆగేదాకా అతని భుజం గట్టిగా పట్టుకుంది. ఆగాక మణికట్టు అందుకుని, పక్కనున్న ఉలితో దారం పుటుక్కున కోసేసింది.

"అయ్యో, స్వామి దారం!" శశి గుండెలు బాదుకుంది.

"ఏమ్మా, మతి ఉండాదా నీకు?" వీరేష్ అరిచాడు. "కొత్తగా మిషను పెట్టుకున్న పొద్దు ఇదేం పని?"

"కోపం చేసుకోవద్దప్పా. లోపల బ్లేళ్లు గిర్రున తిరుగుతాయి. కొస చిక్కితే దారం తెగదు, చేతినే లాక్కుంటాది."

"గార్డు పెట్టినా కదా! కండ్లు కనపడలేదా?"

"పలక పోయేటప్పుడు గార్డు పక్కకు జరుగుతాది నాయనా. ఆ సందు చాలు."

"నీతో చెప్పించుకునే గతి నాకు పట్టలేదు. పో, ఈడి నుంచి పో!"

ఆమె తెగిన దారాన్ని కళ్లకు అద్దుకుని, స్విచ్ బోర్డు పైన మేకుకు ముడి వేసింది.

"ఈడ ఉన్నా కాపాడుతాడప్పా మీ స్వామి."

వచ్చినవాళ్లకు పెడదామని శశి బెల్లం కలిపిన బొరుగుల పళ్లెం తెచ్చిపెట్టింది. ఇప్పుడు దాన్ని లోపలికి తీసుకుపోయింది. నీళ్లు తాగుతావా అని కూడా ఎవరూ అడగలేదు.

పోతూ పోతూ ఆమె మిషను బల్లను ఒకసారి నిమిరింది. పెంచిన ఆవును సంతలో వదిలి వచ్చేవాళ్లు అలా నిమురుతారు.

ఆమె ఎక్కిన బస్సు వెళ్లిపోయాక శశి గడప మీద ఆ సంచి చూసింది. లోపల ఒక చెక్క ఉంది. పైన పిడి, అడుగున వెనకవైపు చిన్న అడ్డు. చెయ్యి బ్లేళ్లకు దూరంగా ఉండేలా పలకను తోయడానికి పనివాళ్లు చేసుకునే చెక్క. ఎవరిదో అరచెయ్యి ఆనీ ఆనీ పిడి నున్నగా మెరుస్తోంది.

వీరేష్‌కు ఇది ఈ మిషను సంగతి తెలిసినవాళ్ల పనే అనిపించింది. వెంటనే ఓబుళేసుకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఎవురో సాయిబులామె వచ్చి తోపుడు చెక్క పెట్టి పోయింది."

"వచ్చిందా? మిషను ఎవురు కొన్న్యారు, యాడ ఉంటారు అని అడిగి నీ కొట్టు గుర్తులు చెప్పించుకుంది. ఆ మిషను నూర్ అహమ్మద్ అన్నదప్పా. శానా జాగ్రత్త మనిషి. ఆ చెక్క లేకుండా పలక ముట్టేటోడు కాదు. అయినా చెయ్యి పోయింది. ఆ దిగులుతోనే మనిషీ పోయినాడు."

"చెక్క పట్టుకొని తోసినా చెయ్యి ఎట్ల పోయిందన్నా?"

"మణికట్టుకు దర్గా దారం ఉన్నింది. కొస చిక్కుకున్నింది."

వీరేష్ ఖాళీ మణికట్టును తడుముకున్నాడు. మేకుకు ఎర్రదారం గాలికి ఊగుతోంది. ఆ తల్లిని నీళ్లన్నా ఇవ్వకుండా తరిమేశానే అనుకున్నాడు.

"ఆమె ఎవురన్నా?"



"ఆయప్ప కొసలు కత్తిరిస్తానంటే, మొక్కు దారం కత్తిరించొద్దని బతిమాలి కట్టిన పెండ్లామప్పా... రోషన్ బీ."