ఎర్ర వరుసలు

మనిషి కంటే ముందు వాసన వచ్చింది.

కుళ్లిన కోడిగుడ్ల వాసన. హైందవి చున్నీతో ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది.

కుర్చీ వెనక యాభయ్యేళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడి. దాని మీద నల్లటి బురద అట్టలు కట్టి ఉంది. ఆబిడ్స్‌లో మూడో అంతస్తు మీదున్న ఆ ఏసీ ఆఫీసులోకి అలాంటి మనిషి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"బీరయ్యను మేడం. మోరీల పని. స్లైడ్లు గీడనే చేస్తరన్నరు. ఒక్కపారి జూసి పోదామని వచ్చిన."

"చూడ్డానికి ఇదేమన్నా సినిమానా?"

అతను తెర మీంచి చూపు తిప్పలేదు. కదల్లేదు కూడా.

పన్నెండింటికి నాంపల్లిలో మీటింగు. అక్కడున్న ఒక కాంట్రాక్టు కంపెనీ మురుగు కాల్వలు బాగుచేయిస్తుంది. వాళ్ల మనుషులు పంపే ఎక్సెల్ షీటులోంచి మ్యాన్‌హోళ్ల పట్టికను కాపీ చేసి, ప్రతి నెలా స్లైడ్లు తయారు చేయడం హైందవి పని. ఆ స్లైడ్లు చూసే, ఎక్కడ మనుషుల్ని దింపాలో ఆ కంపెనీ పైవాళ్లు తేలుస్తారు.

ఇంక అరగంటే ఉంది. ఆమె తెర వైపు తిరిగి పేస్ట్ నొక్కింది. పట్టిక నీలం తలకట్టుతో, తెల్లటి వరుసలతో ముచ్చటగా వచ్చి కూర్చుంది.

"ఎరుపు పోయింది మేడం."

"ఏంటీ?"

"షీటుల గీ వరుసలు ఎర్రగున్నయ్. గీడ అన్నీ తెల్లగైనయ్."

చూపించడానికి వేలు చాపాడు. గోటి కింద నల్లటి మురికి. తెరకు తగలబోయింది. హైందవి పక్కకు జరిగింది.

"తాకకు! దూరంగా నిలబడి చెప్పు. ఇవి మా ఆఫీసు రంగులు. మధ్యలో ఎరుపుంటే స్లైడు అసహ్యంగా ఉంటుంది."

"ఎరుపంటే లోపట గ్యాసున్నట్టు మేడం. దిగొద్దని."

"పక్కన నంబర్లున్నాయిగా. చదువుకుంటారు."

"నంబర్లు ఎవలు సదువుతరు మేడం? రంగే జూస్తరు."

ఆమె ముక్కు మీద చున్నీ ఇంకా గట్టిగా అదిమింది. ఊపిరి బిగబట్టుకుని ఉంది.

"పేస్టు జేసినంక కింద చిన్న డబ్బా వస్తది. దాన్ని నొక్కితే 'కీప్ సోర్స్ ఫార్మాటింగ్' అని ఉంటది. జర గది నొక్కున్రి. షీటుల ఎట్లుంటే గట్లనే వస్తది."

హైందవికి ఒళ్లు మండింది. మురుగులో దిగేవాడు తనకు పవర్‌పాయింట్ నేర్పడమా!

"నొక్కితే పోతావా?"

"ఔ మేడం. పోత."

విసురుగా నొక్కింది. అక్షరాలు సన్నబడ్డాయి. నీలం తలకట్టు ఎగిరిపోయింది. పదకొండు వరుసలు పుండ్లలా ఎర్రబడ్డాయి. స్లైడు అందమంతా మంటగలిసింది.

అతను పెదవులు కదుపుతూ ఒక్కో వరుసా చూశాడు.

"అన్నీ ఉన్నయ్," అన్నాడు తనలో తనే.

వెళ్తూ వెళ్తూ మంచినీళ్లు అడిగాడు. ఆఫీసు ఊడ్చే విజయ స్టీలు గ్లాసుతో ఇచ్చింది. ఎంగిలి కాకుండా ఎత్తి పోసుకుని తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"విజయా, ఆ గ్లాసు పారేయ్. మెట్ల మీద ఫినాయిల్ కొట్టు."

"కడుగుత మేడం. మంచి గ్లాసు..."

"పారేయమన్నానా!"

అతనింకా తలుపు దాటలేదు. వెనక్కి మాత్రం చూడలేదు.

మేనేజరు కోదండరామయ్యతో కలిసి ఆటోలో నాంపల్లి వెళ్తూ, మొజంజాహీ మార్కెట్ దగ్గర హైందవి రెండుసార్లు సెంటు కొట్టుకుంది. వాసన పోలేదు.

మీటింగులో పట్టిక తెర మీదికి రాగానే కాంట్రాక్టు కంపెనీ పెద్దాయన ముందుకు వంగాడు.

"ఏంది గీ ఎరుపు?"

కోదండరామయ్య నంబర్లు చూసి చెప్పాడు. "గ్యాస్ ఉన్నవి సార్. దిగకూడనివి."

పెద్దాయన గబుక్కున ఫోను తీశాడు.

"గౌలిగూడల మనోళ్లు దిగిన్రా? ఇంక లేదా? దిగొద్దని చెప్పు. ఎవ్వరు దిగొద్దు!"

ఫోను బల్ల మీద పెట్టి హైందవి వైపు చూశాడు.

"పోయిన నెల మీరు జూపిచ్చిన దాంట్ల ఒక్కటి గూడ ఎర్రగ లేకుండె. గప్పుడు గ్యాస్ లేకుండెనా?"

హైందవి లాప్‌టాప్‌లో పోయిన నెల స్లైడు తెరిచింది. నీలం తలకట్టు. తెల్లటి వరుసలు. ఎంతో శుభ్రంగా ఉంది. ఆ నెల వచ్చిన షీటు తెరిచింది. తొమ్మిది వరుసలు ఎర్రగా ఉన్నాయి.

కాపీ చేసింది తనే. పేస్ట్ నొక్కింది తనే.

మళ్లీ ఆ కుళ్లిన వాసన తగిలింది. ఈసారి వెనక బీరయ్య లేడు.

మెట్లు దిగుతూ మెల్లగా అడిగింది. "సార్, పొద్దున బీరయ్య అని ఒకతను వచ్చాడు. స్లైడు చూసి పోతానని..."

కోదండరామయ్య మెట్టు మీదే ఆగిపోయాడు.

"బీరయ్యా? మనాఫీసుకా? ఆ షీటు ఆయనదేనమ్మా. ప్రతి మ్యాన్‌హోల్ మూతా తీసి, గ్యాస్ మీటరు పెట్టి చూసి, ఎరుపు వేసేది ఆయనే."

హైందవి వెంటనే విజయకు ఫోన్ చేసింది.

"గాయన ఎప్పుడో పోయిండు మేడం. ఫినాయిల్ గూడ కొట్టిన."

ఆమె ఫోను దించింది.

"మళ్లీ పనిలోకి వచ్చాడన్నమాట," అన్నాడు కోదండరామయ్య.

"మళ్లీ ఏంటి సార్?"

ఆయన చూపు దించుకున్నాడు.

"పోయిన నెల మన స్లైడు చూసి కోఠిలో దింపితే, తిరిగి పైకి రాని కుర్రాడు, అంజన్, ఆయన కొడుకమ్మా."