ధనశ్రీ పేరుతో నడిచిన పని

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, గట్టిగా చెప్పే సంగతి కాదిది. కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో మా చెల్లెలి మనవరాలు ధనశ్రీ సింగపూర్‌లో, కంపెనీలన్నీ ఒకచోట ఉండే సైన్స్ పార్క్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఒక రాత్రి ఆఫీసులో ఒక్కతే ఉంది. ఆఫీసు పనంతా నడిపే లినక్స్ మెషిన్, అదే పెద్ద కంప్యూటర్, చూస్తుండగానే నత్తలా అయిపోయింది. తెల్లారేలోగా బాగుచేయకపోతే ఉద్యోగం పోయినట్టే.

లోపల నడుస్తున్న పనులన్నీ చూపించే పీఎస్ కమాండ్ కొట్టింది. ఒక్క పనే మెషిన్‌నంతా తినేస్తోంది. అది ఎవరిదో కూడా చూపించమంటే తన పేరే వచ్చింది. ఆ పని తను మొదలుపెట్టనేలేదు.

ఊరికి ఆ చివర యీషున్‌లో ఉండే తోటి ఉద్యోగి ప్రేమ్‌కి ఫోన్ చేసింది. "నా పాస్‌వర్డ్‌తో ఆటలాడుతున్నది నువ్వేనా?"

"అయ్యో, నేను పడుకున్నా లా!" అన్నాడు, అక్కడి వాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి. "అది ఏ టెర్మినల్ నుంచి నడుస్తోందో చూపించే కాలమ్ కూడా పెట్టి చూడు." టెర్మినల్ అంటే ఆ మెషిన్‌కి తగిలించిన తెరా కీబోర్డూ.

పెట్టింది. కిటికీ పక్కన ఖాళీగా ఉన్న టెర్మినల్ నంబరు వచ్చింది. అటునుంచే కీబోర్డు టకటకలాడింది.

లేచి వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. చప్పుడూ ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి, అక్కడ హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళలో ఈ చోటు నాదని చోప్ చేసినట్టు, అంటే గుర్తు పెట్టి సీటు ఆపుకున్నట్టు, ఆమె కుర్చీ మధ్యలో టిష్యూ ప్యాకెట్ ఒకటి పెట్టి ఉంది.

గుర్తుపెట్టుకో తల్లీ. రాత్రి డ్యూటీకి వెళ్ళే పిల్ల ఎవరు కనబడినా, టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉన్న కుర్చీలో మాత్రం కూర్చోవద్దని నా మాటగా చెప్పు.